అరిసెల పాకానికి గడియారం పనికిరాదు

ఈ వారం ఒక్క ఉత్తరమే తీసుకుంటున్నాను. తక్కినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీ ఉత్తరాలు వరసలోనే ఉన్నాయి. ఇది రాసిన సోదరి తన పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతి మాత్రం చాలామందికి పనికొచ్చేదే.

"డిగ్రీ అయ్యాక మూడేళ్ళు ఉద్యోగం చేశాను. తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, అత్తగారి అనారోగ్యం... తొమ్మిదేళ్ళు ఇంటిపట్టునే ఉండిపోయాను. ఇప్పుడు చిన్నవాడు కూడా బడికి వెళ్తున్నాడు. అమీర్‌పేటలో ఆటోమేషన్ టెస్టింగ్ కోర్సులో చేరాను. అంతా బాగానే అర్థమవుతోంది కానీ ‘వెయిట్స్’ అనే పాఠం దగ్గర బుర్ర తిరిగిపోతోంది. నేను రాసిన ప్రోగ్రాము పొద్దున నడుస్తుంది, సాయంత్రం నడవదు. మధ్యలో ఒక్క అక్షరం కూడా మార్చను! ఈ వయసులో ఇది నాకు వచ్చే పని కాదేమోనని భయంగా ఉంది. మావారేమో ‘ఫీజు పోతే పోయింది, మానెయ్యి’ అంటున్నారు."

ముందుగా ఒక మాట. మానకండి. పొద్దున నడిచిన ప్రోగ్రాము సాయంత్రం నడవకపోవడానికీ మీ వయసుకూ ఏ సంబంధమూ లేదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు రాసినా అంతే, పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు రాసినా అంతే. ఈ పనిలో అందరినీ ఏడిపించే చోటు ఇదే. నిజం చెప్పాలంటే మిగతా పాఠాల కంటే ఇది వంటింట్లో నిలబడ్డవాళ్ళకే తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ఈ పని గురించి బొత్తిగా తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. మనం ఒక చీరల దుకాణం పేజీ తెరుస్తాం. "కంచి పట్టు" అని కొట్టి వెతుకుతాం. చీరలు వరసగా కనిపిస్తాయి. ఒకటి నచ్చితే బుట్టలో వేసుకుంటాం, డబ్బు కడతాం. ఇదంతా సరిగ్గా పనిచేస్తోందో లేదో దుకాణంవాళ్ళు ముందే చూసుకోవాలి కదా! అలా చూసేవాళ్ళే టెస్టర్లు. రోజూ అవే మీటలు నొక్కి చూడాలంటే విసుగు, ఆలస్యం, పైగా ఏదో ఒకటి మర్చిపోతాం. అందుకని ఆ చూసే పని చేసిపెట్టడానికే ఒక ప్రోగ్రాము రాస్తారు. అది తనంతట తనే బ్రౌజరు తెరుస్తుంది, పెట్టెలో అక్షరాలు కొడుతుంది, బటను నొక్కుతుంది, వచ్చిన జవాబు చదువుతుంది. సరిగ్గా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు అని రిపోర్టు ఇస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళకు కంప్యూటరుకు దయ్యం పట్టిందేమో అనిపిస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే అక్షరాలు పడుతుంటాయి, పేజీలు మారిపోతుంటాయి!

ఈ పనికి బాగా పేరున్న పనిముట్టు సెలీనియం. 2004లో అమెరికాలోని షికాగోలో, థాట్‌వర్క్స్ కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్ అనే ఆయన, ఉద్యోగుల పనిగంటలూ ఖర్చులూ రాసుకునే తమ సొంత పేజీలను పరీక్షించడానికి మొదలుపెట్టారు. పేరు కూడా సరదాగా పెట్టిందే. అప్పట్లో ఈ రంగంలో మెర్క్యురీ అనే పెద్ద కంపెనీ ఉండేది. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసపు విషానికి సెలీనియం విరుగుడు అని ఆ చమత్కారం. ఆ సరదా పేరు మీదే ఇవాళ మన అమీర్‌పేటలో బోర్డులు వేలాడుతున్నాయి.

సరే, అసలు ఆగడం అనేది ఎందుకు వచ్చింది? పూర్వం పేజీ అంటే ప్లేటు భోజనం లాంటిది. అన్నం, పప్పు, కూర, పెరుగు అన్నీ పెట్టి పళ్ళెం ఒక్కసారే తెచ్చి ముందు పెట్టేవారు. వచ్చిందంటే అంతా వచ్చినట్టే. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చేసరికి ఈ తీరు మారిపోయింది. పేజీ మొత్తం మళ్ళీ తేకుండా, కావలసిన ముక్క మాత్రం వెనకనుంచి తెచ్చి అతికించడం మొదలైంది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ అనే ఆయన దీనికి అజాక్స్ అని పేరు పెట్టారు. ఇది పెళ్ళి బంతి అనుకోండి. ముందు ఆకు వేస్తారు. తర్వాత మంచినీళ్ళు. తర్వాత పచ్చడి, పప్పు... పులిహోర ఇంకా వంటశాలలోనే ఉంటుంది. బ్రౌజరు "పేజీ వచ్చేసింది" అని చెప్పినప్పుడు చాలాసార్లు దాని అర్థం ఆకు వేశారని మాత్రమే.

మనిషికి ఇది సమస్యే కాదు. చక్రం గిర్రున తిరుగుతుంటే మన కన్ను దానంతట అదే ఆగుతుంది. ఆగుతున్నామన్న సంగతి కూడా మనకు తెలియదు. ప్రోగ్రాముకు ఆ బుద్ధి లేదు. "వెతుకు" బటను నొక్కిన మరుక్షణమే మొదటి చీర కోసం చూస్తుంది. కనబడదు. "అలాంటి ఎలిమెంట్ లేదు" అని అరిచి ఎరుపు చూపించి పడుకుంటుంది. ఎలిమెంట్ అంటే మరేం లేదు, పేజీలో ఉన్న ప్రతి వస్తువూ ఎలిమెంటే. బటను, పెట్టె, బొమ్మ, చీరల వరస, ఏదైనా సరే. పొద్దున ఇంట్లో నెట్ వేగంగా ఉంది, అవతల సర్వరు ఖాళీగా ఉంది, చీరలు వెంటనే వచ్చాయి, మీ ప్రోగ్రాము నడిచింది. సాయంత్రం పిల్లలు బడినుంచి వచ్చి బొమ్మల సినిమాలు పెట్టారు, అవతల సర్వరు మీద రద్దీ, చీరలు రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చాయి. ప్రోగ్రాము పడిపోయింది. ఒక్క అక్షరం మార్చకపోయినా ఎందుకిలా అంటే ఇదీ కారణం.

ఇక్కడ అందరికీ మొదట తట్టే ఉపాయం, "కాసేపు పడుకోబెడదాం" అని. జావాలో థ్రెడ్ డాట్ స్లీప్ అని రాసి 5000 అంటారు. అది మిల్లీసెకన్ల లెక్క, అంటే 5 సెకన్లు. మీ మాస్టారు కూడా మొదటిరోజు ఇదే చూపించి ఉంటారు. పని జరుగుతుంది. జరుగుతుంది కాబట్టే ప్రమాదం. చీరలు ఒక్క సెకనులో వచ్చినా ఇది ఐదు సెకన్లూ పడుకునే ఉంటుంది. ఆరో సెకనులో వస్తే మళ్ళీ ఎరుపే. లెక్క వేసి చూడండి. ఒక కంపెనీలో 200 టెస్టులున్నాయి, ఒక్కోదానిలో నాలుగు చోట్ల ఐదేసి సెకన్లు పెట్టారు. మొత్తం 4000 సెకన్లు. గంట దాటి ఇంకో ఆరు నిమిషాల పైచిలుకు ఊరికే నిద్ర! పాలు పొంగే సమయానికి వస్తానని చెప్పి పక్కగదిలో కునుకు తీసినట్టు.

అరిసెలు వండినవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. బెల్లం పాకం పొయ్యిమీద ఉంది. పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు. గరిటెతో ఒక చుక్క తీసి నీళ్ళలో వేస్తారు. వేలితో దగ్గరకు లాగుతారు. కరిగిపోయిందా, ఇంకా కాలేదు. కాసేపాగి ఇంకో చుక్క. ఉండ కట్టిందా, వెంటనే దింపి పిండి కలుపుతారు, క్షణం ఆగరు. బెల్లం కొత్తదయితే ఒక తీరు, పాతదయితే ఇంకో తీరు. గ్యాసు సెగ ఒకటి, కట్టెల పొయ్యి సెగ ఇంకొకటి. అందుకే ఏ అమ్మమ్మా "పాకానికి పదకొండు నిమిషాలు" అని చెప్పలేదు, "ఉండ కట్టేదాకా" అంది. అలాగని ఎంతసేపయినా పొయ్యి దగ్గరే నిలబడదు కూడా. ఎంత మరిగినా ఉండ కట్టకపోతే బెల్లంలోనే ఏదో తేడా ఉందని దింపేస్తుంది.

మీకు బుర్ర తిరిగిపోతున్న ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ అచ్చంగా ఇదే. సెలీనియంలో వెబ్‌డ్రైవర్ వెయిట్ అని రాసి, దానికి రెండు సంగతులు చెబుతారు: ఏ గుర్తు కనబడేదాకా ఆగాలి, మహా అయితే ఎన్ని సెకన్లు ఆగాలి. 10 సెకన్లు అన్నారనుకోండి, అది పది సెకన్లు పడుకోదు. అర సెకనుకోసారి చుక్క వేసి చూస్తుంది. మనం వేరే చెప్పకపోతే దాని అలవాటు 500 మిల్లీసెకన్లు. చీర కనబడగానే ముందుకు వెళ్ళిపోతుంది, ఒకటిన్నర సెకనులో కనబడితే ఒకటిన్నరలోనే. పది సెకన్లయినా కనబడకపోతే అప్పుడు "టైమౌట్" అంటుంది. ఆ ఎరుపుకు ఒక అర్థం ఉంటుంది.

ఇంప్లిసిట్ వెయిట్ అని ఇంకొకటి చెప్పి ఉంటారు. అది ఇంటి మొత్తానికి ఒక్కసారే పెట్టే నియమం. "ఏ వస్తువు వెతికినా దొరక్కపోతే ఇన్ని సెకన్లదాకా వెతుకుతూ ఉండు" అని. ఏమీ చెప్పకపోతే సున్నా. రాయడం తేలిక కాబట్టి కొత్తవాళ్ళకు ఇదే ఇష్టం. నాకు మాత్రం అంత గురి లేదు. ఎందుకంటే అది వస్తువు పేజీలో ఉందా లేదా అన్నది తప్ప ఇంకేమీ చూడదు. బీరువాలో ఉన్న చీర కూడా ఇంట్లో ఉన్నట్టే కదా దాని లెక్కలో! కట్టుకోవడానికి బయటికి తీశారా లేదా అన్నది దానికి అక్కర్లేదు. పైగా "ఈ తప్పు సందేశం పేజీలో ఉండకూడదు" అని పరీక్షించాలనుకోండి, లేని వస్తువు కోసం ప్రతిసారీ పూర్తి గడువు వెతుకుతూ కూర్చుంటుంది. ఈ రెండు వెయిట్లనూ కలిపి వాడవద్దని సెలీనియం వాళ్ళే తమ పత్రాల్లో హెచ్చరించారు. ఇంప్లిసిట్ 10, ఎక్స్‌ప్లిసిట్ 15 సెకన్లు పెడితే గడువు 20 సెకన్లకు తీరవచ్చునట. పదీ కాదు, పదిహేనూ కాదు! ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఒకరు ఒకటి చెప్పి, ఇంకొకరు ఇంకొకటి చెప్పినట్టే.

ఇప్పుడు అసలు కిటుకుకు వద్దాం. ఆగడం వచ్చినా సరిపోదు, ఏ గుర్తు కోసం ఆగుతున్నామో తెలియాలి. చాలామంది ఇక్కడే చతికిలబడతారు. "ఉంది", "కనబడుతోంది", "నొక్కవచ్చు", ఈ మూడూ వేరువేరు. పేజీలో ఉన్నా తెర వెనక దాగి ఉండవచ్చు. కనబడుతున్నా బటను ఇంకా చచ్చుబడి బూడిదరంగులో ఉండవచ్చు. సెలీనియంలో "నొక్కవచ్చు" అనే షరతు చూసేది కూడా రెండే సంగతులు, కనబడుతోందా, పనిచేసే స్థితిలో ఉందా అని. బటను మీద పల్చటి తెర కప్పి చక్రం తిరుగుతోందనుకోండి, ఈ షరతు దాన్ని పట్టించుకోదు, "నొక్కుకో" అనేస్తుంది. నొక్కితే ఆ నొక్కు తెర మీద పడుతుంది, "అడ్డు వచ్చింది" అని ఎరుపు. అలాంటప్పుడు బటను కోసం కాక, ఆ చక్రం మాయమయ్యేదాకా ఆగమని చెప్పాలి.

అందులోనూ ఒక మెలిక ఉంది. బటను నొక్కాక చక్రం రావడానికే ఒక రెప్పపాటు పడుతుంది. మన ప్రోగ్రాము అంతకంటే చురుకు. చక్రం ఇంకా రాకముందే చూసి, "చక్రం లేదు, అంటే పని అయిపోయింది" అనుకుని ముందుకు పోతుంది. చుట్టాలు ఇంకా రాకముందే గుమ్మంలోకి తొంగిచూసి "అందరూ వెళ్ళిపోయారు" అన్నట్టు! అందుకని చక్రాన్ని మాత్రమే నమ్ముకోకుండా, పని నిజంగా అయితే తప్ప కనబడని గుర్తు పట్టుకోవాలి. చీరల వరసలో కనీసం ఒక చీర రావడం, పైన "12 చీరలు దొరికాయి" అన్న మాట రావడం, బుట్టమీద అంకె 0 నుంచి 1 కావడం. రెండోసారి వెతికేటప్పుడు పాత చీరలు ఇంకా పేజీమీదే ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. "ఏదో ఒక చీర ఉందా" అని అడిగితే పాతదాన్ని చూసి ఉందంటుంది. కొత్తగా వెతికిన పేరు చీరల్లో కనబడేదాకా ఆగమనాలి.

ఇంకొకటి, "స్టేల్ ఎలిమెంట్" అనే ఎరుపు. మీ మాస్టారు దీన్ని భయంకరంగా చెప్పి ఉంటారు. ఏమీ లేదు. మీరు ఒక చీరను గుర్తుపెట్టుకున్నారు, ఈలోగా పేజీ ఆ వరస మొత్తం తుడిచి మళ్ళీ గీసింది. చూడ్డానికి అదే చీర, అదే చోటు. కానీ మీ చేతిలో ఉన్నది పాత టోకెను. కొత్తగా మళ్ళీ వెతికి పట్టుకోవడమే మందు.

ఇదంతా ఎందుకింత పట్టించుకోవాలి, ఐదు సెకన్లు నిద్ర పెడితే పోయేదానికి అని మీలో కొందరైనా అనుకుంటారు. మా చెల్లెలి కోడలి సంగతి చెబుతాను. హైదరాబాదులో ఒక కంపెనీలో ఇదే పని. ఇద్దరు పిల్లల తర్వాత మళ్ళీ చేరింది. రాత్రిపూట టెస్టులు వాటంతటవే నడుస్తాయి, పొద్దున్నే రిపోర్టు చూడాలి. రోజూ పదీ పదిహేను ఎరుపులు. మళ్ళీ నడిపిస్తే పచ్చ. పొయ్యిమీద పాలు పెట్టి ఒక చేత్తో పిల్లకు జడ వేస్తూ ఇంకో చేత్తో ఆ ఎరుపులు మళ్ళీ నడిపించేది పాపం. పైవాళ్ళు "వెయిట్ పెంచెయ్యమ్మా" అన్నారు. 5 పోయి 10 అయింది, 10 పోయి 30 అయింది. ఎరుపులు పోయాయి. అందరూ సంతోషం.

దసరా ముందు ఆ పేజీలో డబ్బు కట్టేచోట కూపను వేస్తే జవాబు రావడానికి దాదాపు 20 సెకన్లు పట్టడం మొదలైంది. టెస్టుకు 30 సెకన్ల గడువుంది కాబట్టి రోజూ పచ్చే. కొనేవాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? బుట్ట వదిలేసి వెళ్ళిపోయారు. గొడవ పెద్దదై "టెస్టింగ్‌వాళ్ళు పట్టుకోలేదేం?" అని ఈ పిల్ల మీదికి వచ్చింది. అదృష్టం ఏమిటంటే, ఒక్కోచోట ఎంతసేపు ఆగాల్సి వస్తోందో టెస్టుతోనే రాయించి పెట్టుకునేది. ఇదివరకు 3 సెకన్లు పట్టేది 18కి పెరిగిందని దసరాకు రెండు వారాల ముందే మెయిలు పంపింది. ఎవరూ చదవలేదు. ఆ మెయిలు చూపించాక ఆమె ఉద్యోగం జోలికి ఎవరూ రాలేదు. నోటితో చెప్పి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ గడప దాటుతున్న ఆడపిల్లలకు ఈ ఒక్క అలవాటు మాత్రం గట్టిగా చెబుతాను. వెయిట్ పెంచమన్నారా, సరేనండి. ఎవరు పెంచమన్నారు, ఎంత నుంచి ఎంతకు పెంచాం, ఎందుకు, ఇవి రాతలో ఉండాలి.

గడువు ఎంత పెట్టాలన్నదానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. టెస్టు పచ్చగా ఉండటానికి ఎంత కావాలన్నది లెక్కలోకి రాకూడదు. ఆ పేజీ వాడే మనిషి ఎంతసేపు ఆగుతుంది? దుకాణంవాళ్ళు ఎన్ని సెకన్లలో రావాలనుకుంటున్నారు? అది అడిగి తెలుసుకుని, దానికి కాస్త అటూ ఇటూగా పెట్టాలి. ఈ ప్రశ్న అడిగే టెస్టరును చూస్తే ముందు విసుక్కుంటారు, తర్వాత గౌరవిస్తారు.

ఒకసారి ఎరుపు, ఒకసారి పచ్చ చూపించే టెస్టులను ఫ్లేకీ టెస్టులంటారు. ఇది మన దగ్గరి చిన్న కంపెనీల జబ్బు అనుకునేరు! గూగుల్ వాళ్ళే 2016లో చెప్పుకున్నారు, తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతోకొంత ఈ చపలత్వం ఉందని. పచ్చగా ఉన్న టెస్టు ఎరుపుకు మారిన సందర్భాల్లో 84 శాతం వరకు ఇలాంటి టెస్టులే ఉన్నాయని. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో, అపాచీ సంస్థ ప్రాజెక్టుల్లో ఇలాంటి టెస్టులను బాగుచేసిన 201 సందర్భాలు తీసి పరిశీలించారు. కారణాన్నిబట్టి విడదీయగలిగిన 161లో 74, అంటే నూటికి 45 వంతులు, సరిగ్గా ఆగకపోవడం వల్ల వచ్చినవే! అందరి కంటే చదువుకున్నవాళ్ళు, అందరి కంటే పెద్ద కంపెనీలవాళ్ళు తడబడే చోట మీరు ఒక వారం తడబడితే ఫీజు పోయినట్టా? మీవారికి ఈ పేరా చదివి వినిపించండి.

"నాన్నా పులి" కథ మనందరికీ తెలుసు. రోజూ ఊరికే ఎరుపు చూపించే టెస్టు ఆ పిల్లాడి లాంటిదే. నాలుగురోజులు చూసి ఐదోరోజు నుంచి ఎవరూ పట్టించుకోరు. ఒకరోజు ఆ ఎరుపు నిజమవుతుంది.

ఈమధ్య వచ్చిన పనిముట్లు కొంత భారం తామే మోస్తున్నాయి. 2020లో మైక్రోసాఫ్ట్ బయటికి తెచ్చిన ప్లేరైట్, బటను నొక్కేముందు తనంతట తనే చూసుకుంటుంది: కనబడుతోందా, కదలకుండా నిలిచిందా, పనిచేసే స్థితిలో ఉందా, నొక్కు దానికే తగులుతుందా, మీద తెరలేమైనా ఉన్నాయా అని. సైప్రెస్ అనే ఇంకొకటి, మనం ఏమీ చెప్పకపోయినా 4 సెకన్లదాకా మళ్ళీ మళ్ళీ చూస్తుంది. ఇవి వచ్చాక వెయిట్స్ పాఠం అక్కర్లేదని కొందరు చెబుతున్నారు. నమ్మకండి. కుక్కర్ వచ్చినంత మాత్రాన ఏ పప్పుకు ఎన్ని కూతలో తెలియక్కర్లేదా? బటను చూడ్డానికి సిద్ధంగానే ఉంటుంది, కానీ దాని వెనక పని చేయాల్సిన ప్రోగ్రాము ఇంకా తగిలించి ఉండదు. నొక్కితే ఏమీ జరగదు. అది ఏ పనిముట్టూ పూర్తిగా పట్టుకోలేదు. ఏ గుర్తు కోసం ఆగాలో చెప్పాల్సింది మనమే. ప్లేరైట్‌లోనూ పడుకోబెట్టే ఆజ్ఞ ఉంది. దాన్ని టెస్టుల్లో వాడవద్దని వాళ్ళే రాశారు, అయినా వాడేవాళ్ళు వాడుతూనే ఉన్నారు.

ఇక అభ్యాసం. "ది ఇంటర్నెట్" అనే పేరుతో డేవ్ హాఫ్నర్ అనే ఆయన టెస్టర్ల కోసమే తయారుచేసిన సైటు ఒకటి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో "డైనమిక్ లోడింగ్" అన్న పేజీ తెరవండి. రెండు ఉదాహరణలుంటాయి. రెండింటిలోనూ స్టార్ట్ నొక్కితే కాసేపు "లోడింగ్" అని వచ్చి తర్వాత ఒక పలకరింపు కనబడుతుంది. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. కానీ మొదటిదాంట్లో ఆ మాట ముందునుంచీ పేజీలోనే దాగి ఉంటుంది, రెండోదాంట్లో అప్పటికప్పుడు తయారై వస్తుంది. రెండింటికీ ముందు "ఉంది" అనే షరతుతో రాసి చూడండి, తర్వాత "కనబడుతోంది" అనే షరతుతో రాసి చూడండి. ఎక్కడ మోసపోయారో మీకే తెలిసిపోతుంది. పిల్లలు బడికి వెళ్ళాక ఒక గంట చాలు.

అది అయ్యాక క్రోమ్ బ్రౌజరులో ఎఫ్12 నొక్కితే వచ్చే కిటికీలో నెట్‌వర్క్ అన్నచోట, నెట్ వేగాన్ని కావాలనే తగ్గించి చూసే వీలుంది. మీ పేజీని పాత మొబైల్ నెట్ వేగానికి తగ్గించి ప్రోగ్రాము పక్కన పెట్టండి, మీరే చేత్తో నొక్కి చూడండి. ముందు ఏమి వచ్చింది, తర్వాత ఏమి వచ్చింది, ఏది వచ్చాక "ఆ, ఇప్పుడు అయింది" అని మీకు అనిపించింది, కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే సగం ప్రోగ్రాము.

ఇంటర్వ్యూలో వెయిట్లు ఎన్ని రకాలని అడుగుతారు. ఇంప్లిసిట్, ఎక్స్‌ప్లిసిట్, ఫ్లూయెంట్ అని చెప్పండి. ఫ్లూయెంట్ అంటే ఎంతసేపటికోసారి చూడాలో, చూసేటప్పుడు ఏ ఎరుపులను పట్టించుకోనక్కర్లేదో కూడా మనమే చెప్పుకునే పద్ధతి. జావాలో వెబ్‌డ్రైవర్ వెయిట్ కూడా ఆ కుటుంబంలోదే. అక్కడితో ఆగిపోకుండా, డైనమిక్ లోడింగ్ పేజీమీద మీరు చేసిన పని చెప్పండి. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, నెమ్మదిగా చెప్పండి. మధ్యలో తొమ్మిదేళ్ళు ఏం చేశారని అడిగితే తలదించుకోవద్దు, ఉన్నదున్నట్టు ఒక్క వాక్యంలో చెప్పి మళ్ళీ పని సంగతికి రండి.

అత్తగారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉందో ఈసారి ఉత్తరంలో రాయండి. వచ్చేవారం కర్నూలు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న తీసుకుందాం. ఇల్లు కదలకుండా చేసే డేటా ఎంట్రీ పనికి ముందే డబ్బు కట్టమంటున్నారట. అంతవరకు ఆమె ఎవరికీ ఒక్క పైసా కట్టవద్దు.